ఓడ విందుకు ఏ దుస్తులు?

నెల్లూరు తీరప్రాంతం నుంచి ఒక సోదరి ఈ శీర్షికకు ఒక ప్రశ్న పంపారు. వారి కుమారుడు సింగపూరులో ఉద్యోగం చేస్తున్నాడు. తల్లిదండ్రులను, భార్యాబిడ్డలను సెలవులకు అక్కడికి పిలిపించుకుని, నాలుగు రాత్రుల విహారనౌక ప్రయాణానికి టిక్కెట్లు తీసుకున్నాడు. నౌక వారు పంపిన కాగితంలో ఒక రాత్రి విందుకు అందరూ 'ఫార్మల్' దుస్తుల్లో రావాలని ఉంది. నాటి నుంచి ఆ ఇంట్లో ఇదే చర్చ. తండ్రికి లుంగీ, జుబ్బా, టోపీ తప్ప మరొకటి అలవాటు లేదు. ఆయనకు సూటు కుట్టించాలని కుమారుని పట్టుదల. భార్యనేమో ఆ ఒక్క రాత్రికి బురఖా పక్కనపెట్టి గౌను వేసుకోమంటున్నాడు. చివరకు ఆ తల్లి ఇలా వ్రాశారు: "మేమిద్దరం గదిలోనే తింటాములే మౌలానా సాబ్. మా వల్ల వాడికి నలుగురిలో చిన్నతనం ఎందుకు? కోడలి సంగతి మాత్రం మీరు చెప్పండి."

ఇది సంపన్నుల ఇళ్ల సమస్య కదా, మనకెందుకు అని పాఠకులు అనుకోవచ్చు. కాని కాలం మారింది. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థకు చెందిన 'ఎంప్రెస్' విహారనౌక చెన్నై నుంచి విశాఖపట్నం వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో విహారనౌకల ప్రయాణికుల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ ప్రారంభమైంది. విశాఖ నుంచి చెన్నైకి పోయే ఏ ఓడైనా మన నెల్లూరు తీరాన్ని దాటుకునే వెళ్లాలి. పైగా ఓడ ఎక్కనివారికి కూడా ఇదే పరీక్ష మరో రూపంలో ఎదురవుతూనే ఉంది. హైదరాబాదులోనో, చెన్నైలోనో పెద్ద హోటల్లో కంపెనీ వారి విందు జరిగినప్పుడు మన పిల్లలు ఇదే సందిగ్ధంలో పడుతున్నారు. కాబట్టి వివరంగానే చెప్పుకుందాం.

మొదట ఆ ఆచారమేమిటో తెలుసుకోవాలి. విహారనౌకల్లో రాత్రి భోజనానికి సాధారణంగా రెండు మూడు తరహాల దుస్తులను సూచిస్తారు. చాలా రాత్రులు శుభ్రమైన మామూలు దుస్తులు చాలు. ఈత దుస్తులతో, నిక్కర్లతో భోజనశాలకు రాకూడదంటారు. ఒకటి రెండు రాత్రులు మాత్రం పురుషులు సూటు, స్త్రీలు పొడవాటి గౌను వంటివి ధరించాలంటారు. పూర్వం ఐరోపా, అమెరికాల మధ్య తిరిగిన పెద్ద ఓడల్లో మొదటి తరగతి ప్రయాణికులు పాటించిన పద్ధతి ఇది. రాత్రి భోజనానికి వేసుకునే నల్ల కోటు 19వ శతాబ్దంలో ఆంగ్లేయ రాజకుటుంబాల నుంచి వ్యాపించింది. దాన్నే అమెరికా వారు 'టక్సీడో' అన్నారు. అంటే ఇది ఒక దేశపు సంపన్న వర్గపు అలవాటు. దాన్ని పాటించనివాడు అనాగరికుడేమీ కాడు.

నేడు ఆ పట్టింపు బాగా సడలింది. పాత పద్ధతిని గట్టిగా పాటించే బ్రిటిష్ నౌకాసంస్థలు సైతం సూటుకు బదులు ఎవరి జాతీయ దుస్తులు వారు ధరించి రావచ్చునని చెబుతున్నాయి. సింగపూరు వైపు ఓడల్లో మలేసియా, ఇండోనేసియా ముస్లింలూ ప్రయాణిస్తారు. ఇండోనేసియాలో నిండు చేతుల బాతిక్ చొక్కాయే పురుషునికి విందు దుస్తు. మలేసియా స్త్రీల బాజు కురుంగ్ మోకాళ్ల వరకు వదులుగా దిగే పొడవాటి పైదుస్తు, దాని కింద చీలమండల దాకా పావడా. దానిపై తలగుడ్డ కట్టుకుని వారు ఎంత పెద్ద విందుకైనా వెళ్తారు. వారికి లేని చిన్నతనం మనకెందుకు కలగాలి?

ఇక ధర్మం ఏమంటున్నదో చూద్దాం. దుస్తులను అల్లాహ్ తన అనుగ్రహంగా పేర్కొన్నాడు. మానవుని మర్మస్థానాలను కప్పటం, అతనికి శోభనివ్వటం ఆ దుస్తుల ప్రయోజనాలని, అన్నిటికన్నా మేలైన దుస్తు భయభక్తులని ఆరాఫ్ సూరా 26వ వాక్యం బోధిస్తున్నది. అదే సూరా 31వ వాక్యంలో నమాజు సమయాన అలంకరణ చేసుకోమన్న ఆదేశమూ, తినండి, త్రాగండి కాని మితిమీరవద్దన్న ఆదేశమూ పక్కపక్కనే ఉన్నాయి. గమనించండి: దుస్తులు, నమాజు, భోజనం మూడూ ఒకేచోట చేరాయి. మన ప్రశ్నకు కావలసిన కొలబద్ద ఇక్కడే దొరుకుతున్నది. ఏ దుస్తులతో విందుకు వెళ్తున్నామో, విందు ముగిశాక అవే దుస్తులతో ఇషా నమాజుకు నిలబడగలగాలి. అలా నిలబడగలిగితే అది సూటైనా, షేర్వానీయైనా, చీరైనా అభ్యంతరం లేదు. నిలబడలేకపోతే ఎంత ఖరీదైనదైనా అది మనది కాదు.

పరదేశపు కుట్టు అయినంత మాత్రాన దుస్తు నిషిద్ధం కాదు. దైవప్రవక్త (సఅసం) ఒక ప్రయాణంలో సిరియా దేశపు జుబ్బా ధరించి ఉన్నారని హజ్రత్ ముగీరా బిన్ షోబా (రజి) తెలిపిన హదీసు బుఖారీలో ఉంది. ఆ జుబ్బా చేతులు ఇరుకైనవి. వుజూ సమయం వచ్చినప్పుడు చేతులు పైకి మడవటానికి వీలుకాక, ఆయన తమ చేతులను జుబ్బా లోపలి నుంచి బయటికి తీసి కడుగుకున్నారు. అంటే పరాయి ప్రాంతపు దుస్తు ధరించటానికి ఆయన వెనుకాడలేదు; ఆ దుస్తు కోసం వుజూను వదులుకోనూ లేదు. ఓడ ఎక్కబోయే ప్రతి ముస్లిం ఈ సంఘటనను జ్ఞాపకం ఉంచుకోవాలి.

విందుకు ప్రత్యేకంగా తయారవటం కూడా తప్పు కాదు. మస్జిదు ద్వారం వద్ద అమ్మకానికి ఉన్న పట్టు దుస్తుల జతను చూసి, జుమా రోజున, రాయబారులు వచ్చినప్పుడు ధరించటానికి దాన్ని కొనుక్కోమని హజ్రత్ ఉమర్ (రజి) దైవప్రవక్త (సఅసం)కు సూచించారు. ఆయన కాదన్నారు. కాదన్నది అది పట్టు అయినందుకు. అతిథుల ఎదుట హుందాగా కనిపించాలన్న ఆలోచనను ఆయన తప్పుపట్టలేదు.

దీన్నిబట్టి పురుషులకు కొన్ని విషయాలు స్పష్టమవుతున్నాయి. అసలు పట్టుతో చేసిన టై, కోటు, షేర్వానీ పురుషునికి తగవు. నూలు, ఉన్ని, పాలియెస్టర్ వస్త్రాలకు అభ్యంతరం లేదు. కొనేటప్పుడు లోపలి చీటీ చదివితే సరిపోతుంది. బంగారు ఉంగరం, బంగారు గుండీలు వద్దు. వెండి ఉంగరం పెట్టుకోవచ్చు. ప్యాంటు రుకూలోను, సజ్దాలోను ఇబ్బంది పెట్టనంత వదులుగా ఉండాలి, చీలమండలను దాటి కిందికి జారకూడదు. టై విషయంలో పండితుల మధ్య అభిప్రాయభేదం ఉంది, మానుకున్నవారికి మనశ్శాంతి. వీటన్నిటికన్నా సులువైన మార్గం మన ఇళ్లలోనే ఉంది. బంద్‌గలా కోటు, షేర్వానీ ఈ దేశంలో రాజభవనాల స్థాయి దుస్తులు. హైదరాబాదులో జన్మించి భారత రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ షేర్వానీ, టోపీలతోనే ఆ పదవికి వన్నె తెచ్చారు. ఆ తండ్రిగారి పెట్టెలో పండుగ షేర్వానీ ఒకటి ఉండే ఉంటుంది. ఇస్త్రీ చేయించి తీసుకువెళ్తే చాలు. ఒక్క రాత్రి కోసం వేలు పోసి సూటు కుట్టించి, ఆ తర్వాత బీరువాలో వేలాడదీయటం మితిమీరటమే అవుతుంది. లుంగీ సతర్‌ను కప్పే దుస్తే, అందులో సందేహం లేదు. అయినా పిలిచినవారి పద్ధతిని ధర్మానికి హాని లేనంత వరకు గౌరవించటం మర్యాద. లుంగీని గదిలోకి, పైజామాను విందుకు ఉంచుకోవచ్చు.

ఇక కోడలి సంగతి. ఒక్క రాత్రికే కదా అన్న మాట చెల్లదు. పర్దా ఆదేశం ఊరి జనం కోసం వచ్చింది కాదు, ఊరు దాటగానే సడలిపోవటానికి. నడిసముద్రంలోనూ చూసేవాడు అల్లాహ్‌యే. నూర్ సూరా 31వ వాక్యం పరపురుషుల ఎదుట సింగారాన్ని వెల్లడి చేయవద్దని విశ్వాసురాలిని ఆదేశిస్తున్నది. అయితే నల్ల రంగే ఉండాలని, ఒకే కుట్టు ఉండాలని ధర్మం ఎక్కడా నిర్బంధించలేదు. శరీరాన్ని పూర్తిగా కప్పేది, పలుచగా లేనిది, అంగాకృతి తెలియనంత వదులుగా ఉన్నది అయితే చాలు. ముదురు రంగు అబాయా, దానికి తగిన తలగుడ్డ ఏ విందుకైనా నిండైన దుస్తు. మన వెంకటగిరి చీర కట్టుకోదలిస్తే నిండు చేతుల రవికె, లోపల మందపాటి లంగా, తలను, ఎదను కప్పే పెద్ద దుపట్టా తప్పనిసరి. ఆ నేత సన్ననిది గనుక ఈ జాగ్రత్త. స్త్రీకి పట్టు, బంగారం అనుమతించబడినవే. కాని నగలన్నీ పదిమందికి చూపటానికి విందును వేదిక చేసుకోకూడదు. నౌక వారి కాగితంలో పొడవాటి దుస్తు అని ఉంటుందే గాని తల విప్పుకుని రమ్మని ఉండదు. ఈ సంగతి ఆ సోదరుడు తెలుసుకోవాలి.

దుస్తుల కన్నా ముందు చూసుకోవలసినది బల్ల. మద్యం వడ్డించే బల్ల వద్ద కూర్చోవద్దని హదీసులో ఉంది. ఇటువంటి ఓడల్లో మద్యం సర్వసాధారణం. అందుకే టిక్కెట్టు తీసుకునేటప్పుడే కుటుంబానికి విడిగా ఒక బల్ల కావాలని, హలాల్ భోజనం కావాలని వ్రాతపూర్వకంగా కోరాలి. హలాల్ మాంసం దొరకదంటే చేపలు, కూరగాయలతో సరిపెట్టుకోవాలి. వాటిలోనూ మద్యం కలపలేదని అడిగి తెలుసుకోవాలి. అనేక ఓడల్లో రాత్రి భోజనం రెండు బంతులుగా సాగుతుంది. మొదటిది సాయంత్రం ఆరు ప్రాంతంలో, రెండవది ఎనిమిది ప్రాంతంలో. ఆ రోజు మగ్రిబ్ వేళ చూసుకుని బంతిని ఎన్నుకుంటే నమాజు తప్పిపోదు. ప్రతి రాత్రి విందుశాలకే వెళ్లాలన్న నియమమూ లేదు. ఎవరికి కావలసినది వారు వడ్డించుకునే మామూలు భోజనశాల కూడా ఓడలో ఉంటుంది. ఆ రాత్రి కుటుంబమంతా కలిసి అక్కడే భోంచేసినా లోపమేమీ లేదు.

ఇంతవరకు అడిగిన ప్రశ్నకు సమాధానం. ఆ తల్లి అడగని విషయం ఒకటి మిగిలింది. అది మమ్మల్ని ఎక్కువ బాధించింది.

అమ్మా, మీరు గదిలో తినవద్దు. మీ కుమారుడు మిమ్మల్ని ప్రేమతోనే పిలిచాడని మేము నమ్ముతున్నాం. కాని పరిచయం లేని జనం ఏమనుకుంటారోనని తల్లిదండ్రులు తలుపు మూసుకుని భోంచేయవలసి వస్తే, ఆ విందులో అతడు ధరించిన సూటు ఎంత చక్కగా కుట్టినదైనా ఏం లాభం? తన దుస్తులు, చెప్పులు బాగుండాలని కోరుకోవటం అహంకారమా అని ఒక సహచరుడు అడిగినప్పుడు, అల్లాహ్ సౌందర్యాన్ని ఇష్టపడేవాడని, సత్యాన్ని తిరస్కరించి జనాన్ని చిన్నచూపు చూడటమే అహంకారమని దైవప్రవక్త (సఅసం) వివరించారు. ఇది ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. జనాన్ని చిన్నచూపు చూడటమే అహంకారమైతే కన్నవారి లుంగీని, టోపీని చూసి సిగ్గుపడటాన్ని ఏమనాలి? తల్లిదండ్రులతో విసుగుగా ఒక్క మాట కూడా అనవద్దని ఖుర్‌ఆన్ ఆదేశించింది. నాయనా, ఈ పత్రిక నీ వద్దకు చేరితే, ఆ రాత్రి మీ అబ్బాను కుడిపక్కన, అమ్మీని ఎడమపక్కన కూర్చోబెట్టుకో. చూసేవారికి నీ గురించి అంతకన్నా గొప్ప పరిచయం అక్కరలేదు.

సముద్రం మీద దుస్తులు మార్చుకోవటం మన పెద్దలకు కొత్త కాదు. బొంబాయి నుంచి జిద్దాకు హజ్ యాత్రికులను తీసుకువెళ్లే ఓడలు 1995 వరకు నడిచాయి. మొగల్ లైన్ వారి 'అక్బర్' వంటి ఓడల పేర్లు పాత హాజీల నోట ఇంకా వినిపిస్తాయి. రైలులో బొంబాయి చేరి, రోజుల తరబడి అలల మీద సాగిన ఆ ప్రయాణంలోనూ తరగతులుండేవి. గదుల్లో కొందరు, డెక్కుపై కొందరు. కాని ఓడ యలమ్‌లమ్ మీఖాతుకు చేరువవుతున్నదనగానే పురుషులంతా స్నానం చేసి, కుట్టులేని రెండు తెల్లని వస్త్రాలు చుట్టుకునేవారు. వ్యాపారికీ అవే, రైతుకూ అవే. ఓడ మీద ముస్లిం ధరించిన అత్యున్నతమైన 'ఫార్మల్' దుస్తు అదే. ఎప్పుడో ఒకనాడు మనందరినీ చుట్టబోయే కఫన్ కూడా కుట్టులేని తెల్లని వస్త్రమే. ప్రయాణానికి పెట్టె సర్దేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే, మిగతా దుస్తులను ఎన్నుకోవటం కష్టం కాదు.

అల్లాహ్ ఆ కుటుంబాన్ని క్షేమంగా తీసుకువెళ్లి క్షేమంగా తీసుకురావుగాక! మన పిల్లలకు భయభక్తులనే దుస్తును ప్రసాదించుగాక! ఆమీన్.