కృప కూలి కాదు

రోగము కుదురకున్న విశ్వాసము చాలలేదనియు, దీవెన రాకున్న కానుక చాలలేదనియు బోధించువారు నేఁడు తెలుగునాఁట మెండైనారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల పేదలును ఈ బోధకుఁ జెవి యొగ్గుచున్నారు. కృప యుచితమని పాడిన నోటితోనే దానికి వెల కట్టుట యెట్టి సువార్త?

పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక నాల్గవ యధ్యాయమునఁ గూలి యొక లెక్క, కృప వేఱొక లెక్క యని తేల్చినాఁడు. పనిచేసినవానికి యజమానుఁడు బాకీపడును. కృపలో నట్టి బాకీ లేదు. ఈ మాటకుఁ బాలమూరులో వ్యాఖ్యానము వలదు. మేస్త్రీయొద్ద ముందుగా సొమ్ము పుచ్చుకొని, యాలుబిడ్డలతో దూరప్రాంతపు కాలువపనులకుఁ బోయి, బాకీ తీఱునంతవఱకు మరలి రాలేక శ్రమించినవారు పాలమూరు కూలీలు. అట్టివారికి దేవుఁడును మఱియొక మేస్త్రీయే యని చెప్పుట కంటెఁ గ్రూరమైన పని కలదా?

రక్షణార్థమైన విశ్వాసము మూలధనము కాదు, చాఁచిన వట్టిచేయి. మార్కు సువార్త తొమ్మిదవ యధ్యాయమున రోగియైన బిడ్డ తండ్రి, తన నమ్మికను అపనమ్మికను ఒక్క యూపిరిలో నొప్పుకొనెను. యేసు ఆ నమ్మికను తూఁచి చూడలేదు, బిడ్డను బాగుచేసెను.

ఈ ప్రాంతమునకు సువార్త వచ్చిన త్రోవయైనను వీరు తలంపరు. నాగర్‌కర్నూలు, వనపర్తులలో మిషనులు నెలకొల్పి, 1937లో గద్వాలను అమెరికను బాప్టిస్టులనుండి స్వీకరించిన మెన్నొనైటు బ్రదరెన్ వారు, స్వయముగా విశ్వాసము నొప్పుకొనినవారికే బాప్తిస్మ మిచ్చిరి. ఆ బాప్టిస్టులలోనివాఁడే ఒంగోలు క్లౌ దొర. 1876-78 నాఁటి కఱవులో నాతఁడు బకింగ్‌హాము కాలువపనిని గుత్తకుఁ బుచ్చుకొని యాఁకలిగొన్నవారికిఁ బని కల్పించెను. కాని యా పని సాగినంతకాలము బాప్తిస్మములు నిలిపివేసెను. పిమ్మట 1878 జూలై 3వ తేదీ నొక్కనాఁడే 2,222 మందికి బాప్తిస్మము జరిగినది. నాఁటి మిషనరీ గంజికై వచ్చిరేమోయని యాగుమనెను. నేఁటి బోధకుఁడు గంజి యాశ చూపియే రమ్మనుచున్నాఁడు.

అట్లయినఁ గ్రియలు వలదా యని యడుగుదురు. యాకోబు పత్రికను లూథరు 1522లో గడ్డితోఁ బోల్చెఁగాని, మెన్నో సైమన్సు ననుసరించినవారు దానిని తక్కువ చేయలేదు. కృప పొందినవాఁడు పొరుగువాని యాఁకలిని చూచి యూరకుండలేఁడు. ఆ పెట్టిన యన్నము మాత్రము రక్షణకుఁ గట్టిన వాయిదా కాదు.

బిడ్డను పోఁగొట్టుకొనిన తల్లితో నీ విశ్వాసము కొఱఁతపడినదని పలుకు బోధకుఁడు, ఆ పలుకునకు ఏ యపొస్తలుని పత్రికలో నాధార మున్నదో చూపవలెను.