నగరపాలన – విదేశమైత్రి

విదేశీ నగరాలతో మైత్రి నెరపుటకు నగరపాలక సంస్థ ప్రజల పన్ను సొమ్మును వెచ్చించవచ్చునా? ఇంటిపన్ను చెల్లించే ప్రతి పౌరుడూ అడుగదగిన ప్రశ్న ఇది.

వద్దనేవారి వాదాన్ని తేలికగా త్రోసిపుచ్చలేము. విదేశ వ్యవహారాలు రాజ్యాంగరీత్యా కేంద్రానివి. 1992 నాటి 74వ సవరణ ద్వారా చేరిన పన్నెండవ షెడ్యూలులో పురపాలనకు 18 అంశాలున్నవి. వాటిలో నీరు, రోడ్లు, పారిశుద్ధ్యం ఉన్నవే గాని విదేశమైత్రి లేదు. 2007లో కాప్రా, ఉప్పల్‌తో సహా 12 పురపాలక సంఘాలు హైదరాబాదు మహానగరంలో విలీనమైనవి. వీధిలో మురుగు పొంగుతుండగా దూరదేశపు అతిథులకు తోరణాలెందుకని సైనిక్‌పురి, నాచారం వాసులు ప్రశ్నిస్తే తప్పు పట్టలేము.

అయితే ఈ నగరం పరుల విజ్ఞానం వలన బాగుపడిన సంగతిని మరువరాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. అప్పుడు విదేశ పర్యటనలో ఉన్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం పిలిపించినది. ఆయన సూచనల ఫలితమే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు. ఆనాటి వ్యయాన్ని దుబారా అనగలవారెవ్వరు?

2010లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్, హైదరాబాదు సోదర నగరాలైనవి. మరుసటి సంవత్సరం జనవరిలోనే బ్రిస్బేన్‌ను వరద ముంచెత్తినది. అచ్చటి నగరపాలక సంస్థ, ఏ ఇంటి స్థలానికి ఎంత వరద ముప్పున్నదో తెలిపే పత్రాన్ని గృహస్థులకు ఉచితంగా అందజేస్తున్నది. 2020 అక్టోబరులో మనకు తూర్పుననున్న ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్కరోజులో 30 సెంటీమీటర్లకు మించి వాన కురిసినది. నగరంలో అనేక కాలనీలు నీట మునిగినవి. అట్టి పత్రం నాచారంలోని సామాన్య గృహస్థు చేతికి అందినప్పుడే సోదరత్వం అనే మాటకు సార్థకత.

కనుక మా అభిప్రాయం ఇది: నేర్చుకొనుటకు వెచ్చించవలెను, ప్రదర్శనకు వెచ్చించరాదు. 2014 అక్టోబరులో మెట్రోపోలిస్ మహాసభ వంటి గొప్ప సమావేశం మన నగరంలో జరిగినది. మెహమాన్‌నవాజీ మన సంస్కారమే. కాని విందు ముగిసిన పిమ్మట ఇంటివారికి మిగిలినదేమిటో కూడ చూచుకొనవలెను గదా! ప్రతి విదేశయాత్రకూ, ప్రతి ఒప్పందానికీ అయిన ఖర్చెంతో, నేర్చినదేమిటో, దానిని ఏ వార్డులో అమలు జరుపనున్నారో తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రకటించవలెను. ఆ లెక్క చూపలేని యాత్రకు మరుసటి ఏడు పైసా కూడ కేటాయించరాదు.

విద్యార్థులారా! రేపు ఓటర్లు కాబోయేది మీరే. మీ వార్డు ప్రతినిధిని ఈ లెక్క అడుగుట నేటి నుండియే అభ్యసించండి.