సముద్రపు గుర్రానికి చిన్న ట్యాంకు చాలదు

సముద్రపు గుర్రాన్ని పెంచాలని ఉందంటే చాలు, అక్వేరియం అభిమానుల్లో ఎక్కువమంది చెప్పే సలహా ఒకటే. చిన్న ప్రాణి, పెద్దగా ఈదలేదు, చిన్న ట్యాంకు సరిపోతుంది, నీళ్ళు కదలకుండా చూసుకోండి అంటారు. వినడానికి దయగా ఉంటుంది. దాన్ని నమ్మి పెట్టిన ట్యాంకులోనే అవి చచ్చిపోతాయి. ఆ తర్వాత వాళ్ళే, ఈ జాతే సున్నితం, ఎవరి చేతిలోనూ బతకదని నేరం ఆ మూగజీవి మీదికి నెడతారు. ఈ రెండు మాటలూ తప్పే.

సముద్రపు గుర్రానికి పళ్ళు లేవు, జీర్ణాశయం లేదు. గొట్టంలాంటి మూతితో పీల్చి మింగిన తిండి పేగులోంచి గబగబా సాగిపోతుంది. అందుకే మైసిస్ అనే రొయ్యల్లాంటి చిన్న జీవుల్ని రోజుకు రెండు మూడుసార్లు వేయాలి. అరిగీ అరగని మలం, తినగా మిగిలిన ముక్కలు అడుగున కుళ్ళి అమ్మోనియా పుడుతుంది. 30 లీటర్ల నీళ్ళలో ఆ విషం పలచబడేదెలా? హిప్పోకాంపస్ ఎరెక్టస్ లాంటి జాతి జంట ఒక్కదానికే 110 లీటర్లకు తగ్గకూడదు. పొడవు కొంత తగ్గినా ఫరవాలేదు గానీ ఎత్తు 45 సెంటీమీటర్లకు తగ్గితే కుదరదు. జతకట్టే వేళ ఆడా మగా ఎదురెదురుగా నీళ్ళలో పైకి లేస్తాయి. అలా లేస్తూనే ఆడది తన గుడ్లను మగదాని పొట్ట సంచిలోకి వదులుతుంది. లేవడానికి చోటు లేకపోతే గుడ్లు అడుగున రాలి పాడైపోతాయి.

ఇక కదలని నీళ్ళ సంగతి. పంపు నుంచి సూటిగా వచ్చే ధార సముద్రపు గుర్రాన్ని తోసేస్తుందన్న భయం నిజమే. దానికి మందు ధారను ట్యాంకంతా పరుచుకునేలా తిప్పడం, అంతేగానీ పంపు ఆపేయడం కాదు. ఆటుపోట్లు కదిలించే సముద్రపు గడ్డిలో బతికే జీవి అది, పట్టుకుని నిలవడానికే దానికి తోక ఉంది. తోక చుట్టుకోవడానికి కొమ్మల్లాంటి ఆధారాలు నాలుగైదు చోట్ల పెట్టండి, పంపు నీళ్ళు లాగే చోట స్పాంజి తొడగండి. కుట్టే సీ అనిమోన్లనూ, తిండి ముందే లాక్కుపోయే చురుకైన చేపలనూ దానితో కలపకండి.

అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు తీసేది వెచ్చదనమని నా నమ్మకం. పగడాల ట్యాంకుకు సరిపోయే 26, 27 డిగ్రీలే దీనికీ చాలనుకుంటారు. ఆ వెచ్చదనంలో విబ్రియో బాక్టీరియా జోరుగా పెరుగుతుంది, సముద్రపు గుర్రాలు దానికి తట్టుకోలేవు. 21 నుంచి 23 డిగ్రీల మధ్య ఉంచాలి. టెక్సస్‌లోనో, అరిజోనాలోనో ఉన్న మన తెలుగువాళ్ళ ఇళ్ళలో వేసవిలో హీటరు కన్నా నీళ్ళను చల్లబరిచే చిల్లర్ అవసరం. ఖరీదైనదే. ఆ ఖర్చు భరించలేకపోతే ఈ ప్రాణి జోలికి వెళ్ళకపోవడమే దాని మీద దయ.

మరి సున్నితం అనే మాట ఎక్కడిది? సముద్రంలో పట్టి తెచ్చినవాటిని చూసి పుట్టింది. అవి చాలావరకు కదిలే తిండి తప్ప ముట్టవు, గడ్డకట్టించిన మైసిస్ ముందున్నా పస్తులుండి చస్తాయి. పెంపకంలో పుట్టినవి పిల్లలుగా ఉన్నప్పుడే దానికి అలవాటు పడతాయి. హవాయిలోని కోనాలో ఇలా పెంచే కేంద్రమే ఉంది. పెంపకపు జంటను తెచ్చుకుని, అంతకు ముందే నెల, నెలన్నర పాటు ట్యాంకును నడిపి, అమ్మోనియా సున్నాకు వచ్చాక వదిలితే అవి ఏళ్ళ తరబడి బతుకుతాయి.

ఇదంతా చట్టం ఒప్పుకునే దేశాల మాట. మన దేశంలో సముద్రపు గుర్రాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటిని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఏ దుకాణదారైనా వీటిని అమ్మజూపితే ట్యాంకు కొలతలు అడగకండి, అటవీ శాఖకు ఫోన్ చేయండి.