పదో తరగతి మార్కులతో ఒకటో తరగతిని కొలవొద్దు

దోహాకు కుటుంబంతో వచ్చిన తెలుగువారు ఇల్లు కుదిరిన వెంటనే అడిగే మాట ఒకటే: "ఏ స్కూలు మంచిది అన్నా?" ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలవుతాయి కాబట్టి, డిసెంబరు, జనవరి నెలల్లో మన వాట్సాప్ గ్రూపులు ఈ ప్రశ్నతోనే నిండిపోతాయి. జవాబులూ ముందే రాసిపెట్టినట్టు ఉంటాయి. "ఫలానా స్కూల్లో పోయినేడు పదో తరగతిలో చాలామందికి 95 శాతం దాటింది." "ఫలానాదానికి స్విమ్మింగ్ పూల్ ఉంది." "మా మేనేజర్ గారి పిల్లలు అక్కడే." అడిగింది మాత్రం ఐదున్నరేళ్ల పిల్ల గురించి.

ఈ జవాబుల్లో అబద్ధం లేదు. కానీ వీటితో ఒక ప్రాథమిక పాఠశాల ఎలాంటిదో తెలియదు. ఆ సంగతి తెలుసుకునే దారులు వేరే ఉన్నాయి, అవి పెద్ద చదువులు చదవని తల్లిదండ్రులకు కూడా అందుబాటులో ఉన్నవేనని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మనవాళ్లు ఇల్లు కొనేముందు ఆ వీధికి ఏ ప్రభుత్వ పాఠశాల వస్తుందో చూసుకుంటారు. ఇక్కడ ఆ లెక్క కుదరదు. ఖతార్ ప్రభుత్వ పాఠశాలల్లో బోధన అరబిక్‌లో సాగుతుంది, అవి ప్రధానంగా ఈ దేశ పౌరుల పిల్లల కోసం. అందుకే 1974లో మొదలైన ఎంఈఎస్ ఇండియన్ స్కూల్, 1985 నాటి ఐడియల్ ఇండియన్ స్కూల్, ఆ తర్వాత వచ్చిన డీపీఎస్ మోడర్న్ ఇండియన్, బిర్లా పబ్లిక్ లాంటి సీబీఎస్ఈ స్కూళ్లే మనకు వాడలో బడి. ఫీజు కట్టేవే అయినా, ఊళ్లో సర్కారు బడి చేసే పనిని మన సమాజానికి అవే చేస్తున్నాయి. సీట్లు చాలక కొన్ని స్కూళ్లు రెండో షిఫ్టు కూడా మొదలుపెట్టాయి.

సీటు దొరకడమే గగనమైన చోట మంచిచెడ్డల మాటెందుకని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయినా బడి ఎక్కడ బలహీనంగా ఉందో తెలిస్తే ఆ లోటును ఇంట్లో పూడ్చుకోవచ్చు. తెలియకపోతే ఐదో తరగతిలో ట్యూషన్ మాస్టారు చెప్పేదాకా మనకు తెలియదు.

మార్కులు ఏం చెబుతాయో, ఏం దాస్తాయో తెలుసుకోవడానికి ఖతార్ సొంత అనుభవమే ఉంది. ఈ దేశం 2002లో సుప్రీం ఎడ్యుకేషన్ కౌన్సిల్‌ను పెట్టి, అమెరికాకు చెందిన ర్యాండ్ సంస్థ సాయంతో బడులను సంస్కరించే పనికి దిగింది. 2004లో 12 'ఇండిపెండెంట్' స్కూళ్లు తెరిచారు. లెక్కలు, సైన్సు ఇంగ్లిషులో చెప్పించారు. 2006లో పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే అంతర్జాతీయ పీసా పరీక్ష తొలిసారి రాస్తే లెక్కల్లో వచ్చిన సగటు 318. కింది నుంచి రెండో స్థానం. పరువు పోయిందని పరీక్ష మానుకోలేదు. 2012లో బోధన మళ్లీ అరబిక్‌కు మళ్లింది, 2016లో కౌన్సిల్ బాధ్యతలను విద్యా మంత్రిత్వశాఖ తీసుకుంది. ఇన్ని మారినా పీసా మాత్రం విడవకుండా రాశారు. 2018లో, 2022లో లెక్కల సగటు 414. ఓఈసీడీ దేశాల సగటు 472 కన్నా ఇంకా తక్కువే, కానీ ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారో వారికి తెలుసు. మన దేశం నుంచి 2009 విడతలో తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ రాశాయి. అడుగున నిలిచాయి. ఆ తర్వాత 2022 దాకా మనం ఆ పరీక్ష జోలికి పోలేదు.

అవే ఫలితాల్లో మనకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. చాలా దేశాల్లో వలస కుటుంబాల పిల్లలు స్థానికుల కన్నా వెనకబడి ఉంటారు. ఖతార్‌లో తలకిందులు, వలస వచ్చిన వారి పిల్లలే ముందుంటారు. కారణం ఊహించడం కష్టం కాదు. ఇక్కడికి పిల్లలను వెంటబెట్టుకుని రాగలిగేది ఎక్కువగా ఇంజనీర్లు, అకౌంటెంట్లు, నర్సులు, డాక్టర్లే. సాయంత్రం పక్కన కూర్చుని చదివించే మనిషి ఆ ఇళ్లలో ఉంటుంది. కాబట్టి స్కూలు గోడ మీద బ్యానర్‌లో కనిపించే 95 శాతంలో అమ్మ పడ్డ పాట్లు ఉన్నాయి, ట్యూషన్ ఫీజు ఉంది, స్కూలు చెప్పిన చదువూ ఉంది. ఇందులో స్కూలు వాటా ఎంతో బ్యానర్ చెప్పదు. కేజీ ప్రవేశానికే ఇంటర్వ్యూ పెట్టి పిల్లలను ఏరుకునే స్కూలైతే ఆ వాటా ఇంకా తగ్గించి చూడాలి.

మరి ఏం చూడాలి? నా మటుకు నేను మొదట చూసేది మూడో తరగతి పిల్లవాడు చదవడం. ప్రథమ్ సంస్థ 2005 నుంచి మన దేశంలో గ్రామాల్లో చేస్తున్న అసర్ సర్వే పద్ధతి ఇదే: పిల్లల ఇంటికి వెళ్లి, చిన్న పాఠం చేతికిచ్చి చదవమంటారు. 2024 సర్వేలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 27 శాతమే. ఈ పరీక్షకు ప్రశ్నపత్రం అక్కర్లేదు. నజ్మాలోనో మన్సూరాలోనో మీ బిల్డింగ్‌లోనే ఆ స్కూలు పిల్లలు నలుగురు ఉంటారు. ఫస్టు ర్యాంకు పిల్లను కాదు, మామూలుగా చదివే పిల్లలను పిలిచి, వాళ్లు ఇదివరకు చూడని కథ ఒక పేజీ చదివించండి. చదవడం అయ్యాక పుస్తకం మూసి, "ఇందులో ఏమైంది?" అని తెలుగులోనే అడగండి.

ఆ రెండో ప్రశ్నే అసలు పరీక్ష. నేను ఇలా చదివించిన పిల్లల్లో కొందరు ఇంగ్లిషు పేజీని గడగడా చదివేశారు. ఉచ్చారణ చూస్తే ముచ్చటేసింది. కథలో ఆ అబ్బాయి ఎందుకు ఏడ్చాడంటే మాత్రం నా ముఖం చూశారు. ఇంకో బడి పిల్ల ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివి, చివర్లో "పాపం, వాడి గాలిపటం తెగిపోయింది కదా అంకుల్" అంది. నాకైతే ఆ రెండో బడి మీదే నమ్మకం కలిగింది. వేగం తర్వాత వస్తుంది. అర్థం చేసుకునే అలవాటు మొదటి మూడేళ్లలో పడకపోతే తర్వాత ప్రతి సబ్జెక్టూ బట్టీ అయిపోతుంది, లెక్కలతో సహా.

తర్వాత నోట్‌బుక్. కొత్తది కాదు, అక్టోబరు, నవంబరు నాటి పేజీలు. ఒకే తరగతిలోని ఇద్దరి నోట్సు పక్కపక్కన పెట్టి చూడండి. జవాబులు కామాతో సహా ఒకేలా ఉంటే బోర్డు మీద రాసింది ఎక్కించుకున్నారని అర్థం. పిల్లలు సొంతంగా రాసిన నాలుగు వాక్యాలు, తప్పులతోనే అయినా, ఎక్కడైనా ఉన్నాయా? ఆ తప్పును టీచరు చూసిందా, లేక పేజీ మొత్తానికి ఒక పెద్ద టిక్కు కొట్టి సంతకం పెట్టిందా? తప్పుగా చేసిన తీసివేత లెక్క మీద కూడా ఎర్ర టిక్కు ఉన్న నోట్సు నేను చూశాను. తరగతిలో 40 మంది ఉంటే ఆ టీచరును మాత్రం ఏమనగలం? మన 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక టీచరు ఉండాలంటోంది. ఆ చట్టం ఇక్కడ చెల్లదు, కొలబద్దగా మాత్రం పనికొస్తుంది. సెక్షన్‌కు ఎంతమందో అడ్మిషన్ కౌంటర్లోనే అడగండి.

టీచర్ల సంగతి ఖతార్‌లో మరీ ముఖ్యం. ఇక్కడి భారతీయ స్కూళ్లలో చాలామంది టీచర్లు భర్త ఉద్యోగం మీద ఫ్యామిలీ వీసాతో వచ్చిన మహిళలే. ఆయన ప్రాజెక్టు అయిపోతే, కంపెనీ పంపేస్తే, ఈమె కూడా పిల్లల మధ్య నుంచి ఒక గురువారం సెలవు చెప్పి వెళ్లిపోతుంది. 2020 కరోనా రోజుల్లో చూశాం, 2022 ప్రపంచకప్ నిర్మాణాలు ముగిశాక మళ్లీ చూశాం. అందులో టీచరు తప్పు లేదు, స్కూలు తప్పూ పూర్తిగా లేదు. కానీ ఏడాదిలో ముగ్గురు టీచర్లు మారిన ఒకటో తరగతి పిల్లకు అక్షరాల దగ్గరే నష్టం జరుగుతుంది. అందుకే ప్రిన్సిపాల్‌ను ఒకే ప్రశ్న అడగగలిగితే ఇది అడుగుతాను: "పోయిన ఏప్రిల్‌లో ఒకటి, రెండు తరగతులకు చెప్పిన టీచర్లలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?" సూటిగా అంకె చెప్పే స్కూలు మీద నాకు గౌరవం. "మా స్టాఫ్ అంతా వెల్ క్వాలిఫైడ్ సార్" అన్న జవాబు వస్తే, అదీ ఒక జవాబే.

బస్సును నాణ్యతలో కలపకూడదనేవారు ఉన్నారు. 2022 సెప్టెంబరులో అల్ వక్రాలో నాలుగేళ్ల భారతీయ చిన్నారి స్కూలు బస్సులో నిద్రపోతే, ఎవరూ చూసుకోక తలుపులు వేసేశారు. ఆ ఎండకు బిడ్డ మనకు దక్కలేదు. మంత్రిత్వశాఖ ఆ కిండర్‌గార్టెన్‌ను మూసివేయించింది. పిల్లలు దిగాక బస్సు చివరి సీటు దాకా వెళ్లి చూసేది ఎవరు, బిడ్డ తరగతికి రాకపోతే ఎన్ని నిమిషాల్లో ఇంటికి ఫోన్ వస్తుంది? ఈ రెండూ తెలియకుండా సిలబస్ గురించి మాట్లాడి లాభం లేదు.

తెలుగు విషయం కూడా ముందే తేల్చుకోవాలి. ఇక్కడ ఎవరి ఉద్యోగమూ శాశ్వతం కాదు. ఒకరోజు శంషాబాద్‌లోనో గన్నవరంలోనో దిగాల్సిందే. తెలంగాణ 2018లో చేసిన చట్టంతో సీబీఎస్ఈ సహా అన్ని స్కూళ్లలో తెలుగు తప్పనిసరి అయింది. సీబీఎస్ఈలో తెలుగు సబ్జెక్టుగా ఉంది, ఆంధ్ర, తెలంగాణలకు వేర్వేరుగా. మీరు చూస్తున్న స్కూలు దాన్ని చెబుతుందా? చెప్పకపోతే ఎంతమంది పిల్లలు చేరితే మొదలుపెడుతుంది? మలయాళీ సోదరులు తమ భాష కోసం ఇలాగే కలిసి అడిగి సాధించుకుంటారు. మనం ఉగాది రోజున వేదిక మీద పద్యాలు చెప్పించి సంతోషపడతాం.

ఇప్పటిదాకా రాసింది పిల్లలను వెంట ఉంచుకోగలిగిన వారి గురించి. ఈ పేజీ చదివేవారిలో చాలామందికి ఆ అదృష్టం లేదు. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో ఉంటూ, జగిత్యాల పక్కనో కోనసీమలోనో చదువుతున్న బిడ్డ బడి గురించి ఫోన్లో నిర్ణయించేవారు వారు. "సర్కారు బడి మాన్పించి వ్యాన్ వచ్చే స్కూల్లో వేద్దామా?" అని ఇంటి నుంచి అడుగుతారు. ఆ ఫీజు ఇక్కడ ఓవర్‌టైమ్ గంటల్లోంచి వెళ్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన 'నాడు-నేడు', తెలంగాణలో 2022లో మొదలైన 'మన ఊరు-మన బడి' చాలా బడులకు గోడలు, నీళ్లు, మరుగుదొడ్లు తెచ్చాయి. అవి కావాల్సినవే. కానీ రంగులు వేసిన గోడ ఫొటో చూసి చేర్చడం ఎంత పొరపాటో, టై, బెల్టు చూసి మాన్పించడం అంతే పొరపాటు.

పైన చెప్పిన చదివించే పరీక్ష వీడియో కాల్‌లో కూడా చేయొచ్చు. నాకు తెలిసిన ఒక తమ్ముడు, స్కాఫోల్డింగ్ పని చేస్తాడు, సరిగ్గా అదే చేశాడు. మూడో తరగతి చదివే తన కూతురితో, ప్రైవేటు స్కూలుకు వెళ్లే పక్కింటి పిల్లతో ఒకే కథ చదివించాడు. తెలుగులో కూతురే మేలు, ఇంగ్లిషులో ఇద్దరూ అంతంతే. ఫీజు దండగని సర్కారు బడిలోనే ఉంచాడు. మరుసటి ఏడు ఆ బడిలో బాగా చెప్పే టీచరమ్మ బదిలీ అయింది, ఐదు తరగతులకు ఒక్కరే మిగిలారు. అప్పుడు మార్చాడు. రెండుసార్లూ అతను సరిగానే చేశాడని నేనంటాను. బడి మంచిదా కాదా అన్నది ఒకసారి తేల్చుకుని వదిలేసే విషయం కాదు, ప్రతి జూన్‌లోనూ మళ్లీ చూసుకోవాల్సిందే.

దోహాలో మన సంఘాలకు కొరత లేదు. బతుకమ్మకు, ఉగాదికి హాళ్లు నిండిపోతాయి. జనవరిలో ఏదో ఒక శుక్రవారం ఏ సంఘమైనా ఒక పూట ఇందుకు కేటాయించాలని నా మనవి. ఒక్కో స్కూల్లో ఒకటి నుంచి మూడు తరగతులు చదువుతున్న పిల్లల తల్లులు నలుగురేసి వచ్చి, కొత్తగా చేర్చబోయేవారితో కూర్చుంటే చాలు. స్టేజీ వద్దు, ముఖ్య అతిథి వద్దు. సెక్షన్‌కు ఎంతమంది, ఏడాదిలో టీచర్లు ఎన్నిసార్లు మారారు, బస్సులో ఆయమ్మ ఉందా, తెలుగు ఉందా అన్నవి చెప్పండి. వచ్చేటప్పుడు పిల్లల పాత నోట్‌బుక్కులు కూడా తెచ్చుకోండి.