వెళ్ళిపోయినవారి అమానతులు

ముహర్రం నెలవంకతో 1447వ హిజ్రీ సంవత్సరం మన ఇళ్ళలో అడుగుపెట్టింది. చాంద్రమాన సంవత్సరానికి 354 లేక 355 రోజులే గనుక, గోడ మీది ఆంగ్ల క్యాలెండరు కంటే దాదాపు పదకొండు రోజుల ముందే మన ఏడాది ముగుస్తుంది. ఈ లెక్క ఎక్కడ మొదలైందో ఒకసారి గుర్తుచేసుకుందాం. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ముస్లిం సమాజానికి ఒక శకం అవసరమైనప్పుడు, సహాబాలు దైవప్రవక్త (స) జననాన్ని గానీ, నిర్యాణాన్ని గానీ ఆధారంగా తీసుకోలేదు. ఆయన పుట్టిన ఊరిని విడిచి సాగిన ప్రయాణాన్ని తీసుకున్నారు. ఇల్లు విడిచిన జ్ఞాపకంతోనే మన ప్రతి సంవత్సరమూ ప్రారంభమవుతుంది.

ఆ హిజ్రత్ రాత్రి జరిగిన ఒక విషయాన్ని మనం తరచుగా వింటాం. మక్కావాసులు తమ విలువైన వస్తువులను దైవప్రవక్త (స) వద్ద దాచుకునేవారు. ఆయన సందేశాన్ని తిరస్కరించినవారు సైతం ఆయన నిజాయితీని శంకించలేదు. ప్రాణాలకే ముప్పు ఏర్పడిన ఆ వేళ, ఎవరి అమానతులు వారికి అప్పగించి ఆ తర్వాతే మదీనాకు రమ్మని ఆయన హజ్రత్ అలీ (రజి)ని మక్కాలో నిలిపి వెళ్ళారు. వెళ్ళిపోయేవారి వెనుక ఎవరో ఒకరు నిలిచి లెక్క తేల్చవలసి ఉంటుందని ఆ సంఘటన చెబుతోంది. గడచిన సంవత్సరం ఈ బాధ్యత మా ఇంటికి వచ్చింది.

1446 రబీఉస్సానీ మాసంలో మా తండ్రిగారు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. చీడికాడలో నలభై ఏళ్ళకు పైగా దర్జీ పని చేసి మమ్మల్ని నలుగురినీ పెంచారు. జనాజా లేచిన రోజున మా పొయ్యి వెలగలేదు. పక్కింటి హిందూ కుటుంబాలవారే అన్నం, పప్పు, చారు వండి తెచ్చి పిల్లలకు వడ్డించారు. ముఅతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరులైన వార్త చేరినప్పుడు, దుఃఖంలో మునిగిన ఆ ఇంటివారికి వంట చేసి పంపమని దైవప్రవక్త (స) ఆదేశించారు. మరణం సంభవించిన ఇంట విందు పెట్టించుకునే ఆచారం కొన్నిచోట్ల మన సమాజంలో పాతుకుపోయింది. ఆ ఇంటికి అన్నం తీసుకువెళ్ళడమే సున్నత్ అన్న సంగతిని మా పొరుగువారు తమకు తెలియకుండానే మాకు గుర్తుచేశారు.

ధర్మం దుఃఖాన్ని నిషేధించలేదు. పసివాడైన కుమారుడు ఇబ్రాహీం కన్నుమూసినప్పుడు దైవప్రవక్త (స) కళ్ళు చెమ్మగిల్లాయి. అయితే దుఃఖానికి ధర్మం ఒక గడువు పెట్టింది. హజ్రత్ ఉమ్మె హబీబా (రజి) తండ్రి అబూ సుఫ్యాన్ మరణించిన తర్వాత సుగంధం తెప్పించుకొని రాసుకున్నారు. తనకు దాని మీద కోరిక లేదనీ, భర్త కోసం తప్ప మరెవరి కోసమూ స్త్రీ మూడు రోజులకు మించి శోకం పాటించరాదన్న ప్రవక్త మాటను ఆచరించడానికే ఆ పని చేశాననీ ఆమె వివరించారు. మా చెల్లెళ్ళిద్దరూ నాలుగో రోజున తలదువ్వుకొని తమ పిల్లలను బడికి పంపే పనిలో పడినప్పుడు, అంత త్వరగా మరిచిపోయారా అని ఒకరిద్దరు గుసగుసలాడారు. వారు మరిచిపోలేదు. తండ్రి నేర్పిన హద్దును తండ్రి విషయంలోనే పాటించారు.

భర్తను కోల్పోయిన స్త్రీకి దివ్యఖుర్ఆన్ నిర్ణయించిన గడువు నాలుగు నెలల పది రోజులు. మా తల్లిగారి ఇద్దత్ షాబాన్ మూడో వారం వరకు సాగింది. ఆ కాలాన్ని చీకటి గదిలోని నిర్బంధంగా భావించేవారు నేటికీ ఉన్నారు. మా ఇంట అది అలా గడవలేదు. మా తండ్రిగారు చొక్కాలు కుడితే కాజాలు తీయడం, బొత్తాలు వేయడం ఏనాటి నుండో మా తల్లిగారి పని. ఆమె అలంకరణలు విడిచి, గడప దాటకుండానే, ఆ పనిని కొనసాగించారు. సాయంత్రాలు వీధిలోని పిల్లలకు ఖుర్ఆన్ పఠనం నేర్పారు. ఇద్దత్ స్త్రీకి విధించిన శిక్ష కాదు. ఇల్లు వదిలి పొమ్మనే హక్కు ఎవరికీ లేకుండా, బంధువుల తొందరపాటు నుండి ఆమెకు లభించిన రక్షణ అది.

ఇక అమానతుల సంగతి. అంగడి తెరిచి చూస్తే అరలో కుట్టవలసిన బట్టలు పదకొండు ఉన్నాయి. ప్రతి దానికీ ఒక చీటీ, కొన్నింటికి బయానా. నాలుగు అప్పటికే కత్తిరించి ఉన్నాయి. వాటిని మరొక దర్జీ చేత కుట్టించి, కాజాలు ఇంట్లో పూర్తిచేయించి అందజేశాము. మిగిలిన వాటిలో ఆరింటిని, బయానా సొమ్ముతో సహా, సొంతదారులకు అప్పగించాము. అందుకోసం కోనాం వైపు ఊళ్ళకూ, మాడుగులకూ, చోడవరానికీ తిరిగాము. ఉపాధి కోసం విశాఖపట్నం వెళ్ళిపోయిన ఒక కుర్రవాడిని వెతికి పట్టుకోవడానికి రెండు ప్రయాణాలు పట్టాయి. లైనింగు, దారాలు అరువిచ్చిన అనకాపల్లి వ్యాపారికి బాకీ చెల్లించాము. మా తండ్రిగారికి రావలసిన బాకీలను మేము అడగకముందే కొందరు తెచ్చి ఇచ్చారు. ఒక వృద్ధ రైతు బెల్లం అమ్మిన డబ్బుతో నేరుగా మా గుమ్మానికి వచ్చి, "సాయిబుగారి డబ్బు నా దగ్గర ఉండిపోకూడదు బాబూ" అన్నాడు.

పదకొండో బట్ట చీటీ మీద కొలతలున్నాయి గానీ పేరు లేదు. ఆలిమ్ గారిని సంప్రదిస్తే, ఏడాది పాటు నలుగురిలో ప్రకటించమనీ, ఎవరూ రాకపోతే సొంతదారు పేరున దానం చేయమనీ, ఆ తర్వాత వచ్చి అడిగితే వెల చెల్లించమనీ చెప్పారు. ఆ బట్ట ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

అప్పు విషయంలో ఇస్లాం ఎంత కఠినమో తెలిసిందే. అప్పు మిగిల్చి మరణించిన ఒక వ్యక్తి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (స) తొలుత ముందుకు రాలేదు. ఆ బాధ్యత తనదని హజ్రత్ అబూ ఖతాదా (రజి) పూచీపడిన తర్వాతే నమాజు జరిగింది. అయితే మనలో చాలామంది అప్పుగా లెక్కించని అప్పు ఒకటుంది. అదే మహర్. నికాహ్ నాడు పెద్దల సమక్షంలో పలికి, ఆ తర్వాత జీవితాంతం ప్రస్తావనకు రాని మొత్తం అది. భర్త చెల్లించకుండా మరణిస్తే అది అతని ఆస్తి మీద నిలిచే ఋణమే. మా తండ్రిగారి నికాహ్‌నామాలో ఉన్న 1,100 రూపాయలను, వారసత్వ పంపకానికి ముందే, మా తల్లిగారి చేతిలో పెట్టాము. ఇద్దత్ రోజుల్లో ఆమె నవ్వగా మేము చూసింది ఆ ఒక్కసారే. "ఆయన మాట నిలబడింది" అని ఆ నోట్లను ముసల్లా కింద దాచుకున్నారు.

తర్వాత వచ్చింది అన్నింటికంటే కష్టమైన ఘట్టం. మా తండ్రిగారు 96 సెంట్ల చెరకు భూమిని వదిలి వెళ్ళారు. వారసులు భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. సంతానం ఉన్నందున భార్యకు ఎనిమిదో వంతు, అంటే 12 సెంట్లు. మిగిలిన 84 సెంట్లలో కొడుకు వాటా కూతురి వాటాకు రెట్టింపు గనుక కొడుకులకు చెరి 28, కూతుళ్ళకు చెరి 14. ఖుర్ఆన్‌లోని నిసా సూరా చెప్పిన ఈ గణితంలో సందిగ్ధం లేదు. ఆస్తి కొద్దిదైనా, ఎక్కువైనా స్త్రీకి వాటా ఉందని ఆ సూరాయే స్పష్టం చేసింది.

కానీ ఊరి లెక్క వేరుగా ఉంటుంది. ఆడపిల్లలకు పెళ్ళిళ్ళప్పుడే పెట్టవలసినవి పెట్టారు గదా, సంతకాలు చేయించుకోండి అని బంధువులు సలహా ఇచ్చారు. పొలానికి షరియత్ వర్తించదని మరొకరు వాదించారు. 1937 షరియత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజమే. కానీ 1949లో నాటి మద్రాసు రాష్ట్రం ఆ మినహాయింపును తొలగించింది. అప్పటికి విశాఖ జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిదే. చట్టం సంగతి అలా ఉంచినా, పెళ్ళికి పెట్టిన ఖర్చు వారసత్వం కాదు. తండ్రి బ్రతికుండగా ఇచ్చింది కానుక. మరణించాక చేరేది అల్లాహ్ నిర్ణయించిన హక్కు.

మా చిన్న చెల్లెలు తన వాటా వదులుకుంటానంది. పుట్టింటి తలుపు మూసుకుపోతుందేమోనన్న భయం ఆ మాట వెనుక ఉందని మా తల్లిగారు గ్రహించారు. "ముందు నీ చేతిలోకి తీసుకో బేటీ. ఆ తర్వాత ఇవ్వాలనిపిస్తే ఇచ్చుకో. చేతికి రానిదాన్ని వదులుకోవడం దానం కాదు" అన్నారు. అంత చిన్న భూమిని ముక్కలు చేస్తే సాగుకు పనికిరాదు. అందువల్ల వాటాలను కాగితం మీద ఖరారు చేసుకొని, భూమిని ఒకే చెక్కగా కౌలుకు ఇచ్చి, కౌలు సొమ్మును ఎవరి వాటా ప్రకారం వారికి పంచే ఏర్పాటు చేసుకున్నాము. పంపకం వేళ బంధువులు, పేదలు హాజరైతే వారికీ కొంత ఇచ్చి మంచిమాట చెప్పమన్న ఖుర్ఆన్ ఆదేశం మేరకు, అంగట్లో పని నేర్చుకుంటున్న కుర్రవాడికి ఒక కుట్టుమిషను ఇచ్చాము. చెల్లెళ్ళు ఈదుల్ ఫిత్ర్‌కు పిల్లాపాపలతో వచ్చారు. సగర్వంగా, తమ ఇంటికి వచ్చినట్లే వచ్చారు.

దైవప్రవక్త (స) జీవితంలోనూ దుఃఖ సంవత్సరంగా పేరుపడిన ఏడాది ఒకటి ఉంది. ప్రవక్త పదవి లభించిన పదో ఏట, అండగా నిలిచిన తండ్రి సోదరుడు అబూ తాలిబ్, పాతికేళ్ళ సహధర్మచారిణి హజ్రత్ ఖదీజా (రజి) ఆయనకు దూరమయ్యారు. ఆ గాయం మానకముందే హజ్రత్ జైద్ (రజి)తో కలిసి తాయిఫ్‌కు వెళ్ళారు. అక్కడ రాళ్ళదెబ్బలు ఎదురయ్యాయి. అయినా ఆయన మక్కాకు తిరిగి వచ్చి సందేశ కార్యాన్ని కొనసాగించారు. తల్లిలేని కుమార్తెలున్న ఇంటిని నడుపుకొన్నారు. హజ్రత్ ఖదీజా (రజి)ను మాత్రం ఆయన ఎన్నడూ మరువలేదు. ఏళ్ళు గడిచాక మదీనాలో మేకను కోసినప్పుడు సైతం ఆమె స్నేహితురాళ్ళకు భాగాలు పంపించేవారు. పోయినవారి మీది ప్రేమ బ్రతికున్నవారి ఇంటికి చేరాలన్నదే ఆయన ఆచరణ.

ఆ స్ఫూర్తితోనే షవ్వాల్‌లో మా తల్లిగారిని వెంటబెట్టుకొని, అనకాపల్లిలో రైలెక్కి విజయనగరం వెళ్ళాము. మా తండ్రిగారికి కత్తెర పట్టడం నేర్పిన ఉస్తాద్ గారి భార్య అక్కడ ఉంటున్నారు. మాడుగుల హల్వా పొట్లం అందుకొని, ఆమె మా తండ్రిగారి కుర్రతనపు చేష్టలను గంటసేపు చెప్పారు. మా తల్లిగారికి సైతం తెలియని సంగతులు అవి. ఇద్దరూ ఏడ్చారు, ఇద్దరూ నవ్వారు.

పాఠక సోదర సోదరీమణులారా! కొత్త సంవత్సరం వచ్చింది. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి వస్తువు మన దగ్గర ఉందో ఈ ముహర్రంలోనే ఒక కాగితం మీద రాసి ఇంటివారికి చూపండి. భార్య మహర్‌ను బ్రతికుండగానే చెల్లించండి. తోబుట్టువుల వాటా మీ అధీనంలో ఉంటే, వారు అడిగే వరకు ఆగకండి. అడగడానికి వారు సిగ్గుపడతారు. అమానతుల భారంతో ఎవరూ సమాధికి చేరకూడదు. మన తల్లిదండ్రులలో వెళ్ళిపోయినవారిని అల్లాహ్ క్షమించుగాక, వారి వెనుక నిలిచిన మనకు లెక్క తేల్చే ధైర్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.