కోడికి రంగు ఒక్కటే చాలదు

రామచంద్రపురం చుట్టుపక్కల గ్రామాలలో పుంజు బేరానికి వచ్చినవారు ముందుగా అడిగేది రంగు. ఎర్రనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతువ, రెక్కల మీద పసుపు తేలితే నెమలి. ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో కుక్కుట శాస్త్రం చెబుతుందని నమ్మేవారికి మన ప్రాంతంలో కొదువలేదు. కనుక కోరిన రంగు కోసం జతలు కట్టడంలో వింత లేదు. కాని రంగు వెంటపడి జాతిని పాడుచేసుకోవడం శోచనీయం.

రంగు చెదరకూడదని పుంజును దాని తోబుట్టువులతోనూ, కూతుళ్లతోనూ జతకడుతుంటారు. రంగు నిలవవచ్చు. కాని తరాల తరబడి ఇదే జరిగితే గుడ్లలో మురిగిపోయేవి ఎక్కువవుతాయి. పుట్టిన పిల్లలు బలహీనమై తెగుళ్లకు త్వరగా లొంగిపోతాయి.

ఎర్రపుంజుకు ఎర్రపెట్టను కట్టినా ఒక్కోసారి తెల్లపిల్ల పుడుతుంది. పెట్ట మంచిది కాదని దానిని కోసుకు తినడం అన్యాయం. తల్లిదండ్రులు రెండింటిలోనూ తెలుపు దాగి ఉంటే సగటున నాలుగు పిల్లలలో ఒకటి తెల్లగా వస్తుంది. ఇటువంటి వారసత్వ సూత్రం కోళ్లకూ వర్తిస్తుందని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు విలియం బేట్సన్ 1902లోనే చూపించారు. పుంజు ఎంత గొప్పదైనా పిల్లకు వచ్చే గుణాలలో దాదాపు సగం పెట్టవే.

రంగుకు ప్రయోజనం లేదని కాదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా కోడిని రూపొందించినప్పుడు కావాలనే రంగు ఈకలు ఉంచింది. తెల్లకోడి పెరట్లో గద్ద కంట త్వరగా పడుతుంది. అయితే అక్కడ రంగుతోపాటు గుడ్లు, బరువు, రోగాన్ని తట్టుకునే శక్తి కూడా చూశారు. మనమూ చూడవలసింది అదే.

పైగా పందెపు రంగుకు పలికే ధర సంక్రాంతి మూడు రోజుల ముచ్చట. కోడిపందాలు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కింద నేరం. అటువంటి గిరాకీని నమ్ముకుని ఇంటి ఖర్చులు నడుపుకోవడం క్షేమం కాదు.

పెంపకందార్లు ఏ పిల్ల ఏ జతకు పుట్టిందో పుస్తకంలో రాసుకోవాలి. పొరుగూరి వారితో పుంజులను మార్చుకోవాలి. కొక్కెర తెగులుకు పశువైద్యశాలలో వేళకు టీకా వేయించాలి. ముందు జాతి నిలబడితే ఆ తరువాత రంగు మాట ఆలోచించవచ్చు.