వోలేటి పాట ఎవరి బీరువాలో ఉంది?

వోలేటి వెంకటేశ్వర్లుగారు పాడినవాటిలో మీకు బాగా ఇష్టమైనదేది అని అడిగితే మేం ఆల్బమ్ పేరు చెప్పలేం. "ఆ పాత కేసెట్ రెండో వైపు, తోడి రాగం" అంటాం. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌ల మధ్య కాపురాలుంటున్న మా సంగీతాభిమానులకు ఆనవాలు అదొక్కటే. ఎవరో తండ్రిగారు రేడియో దగ్గర టేప్‌రికార్డర్ పెట్టి పట్టుకున్న కచేరీ, చేతులు మారి కొత్తపేట దాకా వచ్చింది.

1928లో పుట్టి 1989లో వెళ్లిపోయిన కర్ణాటక సంగీత మహా గాయకుడాయన. శ్రీపాద పినాకపాణిగారి శిష్యుడు. విజయవాడ ఆకాశవాణిలో ఏళ్ల తరబడి పనిచేశారు. కంపెనీలు వేసిన రికార్డులు బహు తక్కువ. ఆయన పాటంటే రేడియో కచేరీలే. మన హైదరాబాద్‌లోనే 1968లో కన్నుమూసిన హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీఖాన్ గానమంటే వోలేటిగారికి ప్రాణం. రాగాన్ని తొందరపెట్టకుండా విప్పుకుంటూ పోయే ఆ తీరు అటు నుంచి వచ్చిందేమో అనిపిస్తుంది. అయినా గమకం ఒక్కటీ దారి తప్పదు. ఒక్కో స్వరం మీద ఆగినప్పుడు మేం కలిసి వినే గదిలో ఎవరూ కదలరు. ఇలాంటి మనిషికి సంగీత కళానిధి బిరుదు రాలేదు. అది వేరే బాధ.

మాలో ఒకాయన జాజ్ అభిమాని. థెలోనియస్ మంక్, జాన్ కోల్ట్రేన్ కలిసి 1957 నవంబర్ 29న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో వాయించిన కచేరీ వినిపించారు. దాన్ని రికార్డు చేసింది వాయిస్ ఆఫ్ అమెరికా, అంటే వాళ్ల ప్రభుత్వ రేడియో. ఆ టేపులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పడి ఉంటే 2005లో అక్కడి ఉద్యోగి లారీ ఆపెల్‌బామ్ గుర్తుపట్టాడు. అదే ఏడాది బ్లూనోట్ సంస్థ విడుదల చేసింది. దాదాపు యాభై ఏళ్లు ఎవరూ వినని వాయిద్యం ప్రపంచమంతా విన్నది. వింటున్నంతసేపూ నాకు ఏడుపొచ్చింది. మన రేడియో కూడా వోలేటిగారిచేత పాడించింది కదా, టేపుల మీదికి ఎక్కించింది కదా!

టేపు ఊరికే ఉండదు. తేమ తగిలితే పూత జిగురెక్కి హెడ్డుకు అంటుకుంటుంది. చుట్టలో పక్క పొర మీది ధ్వని దీని మీదికి దిగి, పల్లవి ఎత్తుకోకముందే దాని నీడ వినిపిస్తుంది. కాపీకి కాపీ తీసేకొద్దీ తంబురా కరిగిపోయి హోరు మిగులుతుంది. కేసెట్‌ప్లేయర్ బాగుచేసే మనిషి కోసం మలక్‌పేట దాకా తిరిగినా దొరకడం కష్టం.

ఇప్పుడు చైతన్యపురిలో పాట నేర్చుకునే అమ్మాయి ఫోన్‌లో వినేది ఈ అరిగిన కాపీనే. రాగం పేరుంటే అదృష్టం. తేదీ ఉండదు, పక్కన వాయించిందెవరో ఉండదు. విజయవాడ కేంద్రంలో వయొలిన్‌కు అన్నవరపు రామస్వామిగారు, మృదంగానికి దండమూడి రామమోహనరావుగారు ఉండేవారు. అలాంటి చేతులకు పేరు లేకుండా చేయడం అన్యాయం.

ఆకాశవాణివారూ, మీ గిడ్డంగుల్లో మిగిలిన మూల టేపులు బయటికి తీయండి. శుభ్రం చేసి, తేదీతో, పక్కవాద్యాల పేర్లతో, మధ్యలో కోయకుండా కచేరీకి కచేరీగా వేయండి. డబ్బు పెట్టి కొనడానికి మేం సిద్ధం. ఈలోగా ఇళ్లలో కేసెట్లున్నవాళ్లు పాతసామానుకు వేయకండి, పెట్టె మీద రాసిన కాగితం చింపకండి.